కుంచెకు రెండు పగ్గాలు

ఫోటోషాప్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లని మొదటి వారంలోనే తికమక పెట్టేవి పై పట్టీలో పక్కపక్కనే ఉండే రెండు అంకెలు. ఒకటి ఓపాసిటీ, ఇంకొకటి ఫ్లో. దీన్ని తగ్గించినా రంగు పలచబడుతుంది, దాన్ని తగ్గించినా పలచబడుతుంది. మరి రెండెందుకని అడిగితే, "ఫ్లో జోలికి పోకు, వందలో ఉంచెయ్" అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఫ్లెక్సీలకీ పెళ్లి ఆల్బమ్‌లకీ ఆ సలహా చాలు. బొమ్మ వేద్దామనుకునేవాడికి మాత్రం అది ఒక చెయ్యి కట్టేసుకుని కూర్చోమన్నట్టే.

ఈ రెండూ కవలలు కావు. ఫ్లో మూలం పందొమ్మిదో శతాబ్దపు గాలిపిచికారీలో ఉంది. ఓపాసిటీ 1970ల నాటి కంప్యూటర్ లెక్కల్లోంచి వచ్చింది. ఫోటోషాప్‌లో రెండూ ఒకే కుంచెలో కాపురం పెట్టింది 2002లో. అయితే రంగు ఎంత జోరుగా దిగాలి, ఎంతవరకు దిగి ఆగాలి అన్నవి రెండు వేరువేరు సంగతులని మన తీరంలో బట్టల మీద బొమ్మలు రాసినవాళ్లకి అంతకు చాలా ముందే పనిలో తెలుసు. కాబట్టి కథ నెల్లూరు సముద్రపు ఒడ్డు నుంచే చెప్పాలి.

పాత నెల్లూరు జిల్లాలో వాకాడు దగ్గర దుగరాజపట్నం అని ఒక ఊరుంది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో పెద్ద ఓడరేవు కడతామని రాసుకున్నది ఇక్కడే. అప్పుడు చాలామంది ఈ పేరు కొత్తగా విన్నారు గానీ, లండన్ కాగితాల్లో ఇది ఆర్మగాన్ పేరుతో పాతదే. 1626లో ఈస్టిండియా కంపెనీవాళ్లు మచిలీపట్నంలో చికాకులు పడలేక ఇక్కడికొచ్చి స్థావరం పెట్టుకున్నారు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే పాతుకుపోయి ఉన్నారు. ఇద్దరూ వెంటపడ్డ సరుకుల్లో ముఖ్యమైనది చేత్తో రంగులు రాసిన నూలు బట్ట. నూలు మీద ఉతికినా పోని రంగుల బొమ్మలు ఎలా వెయ్యాలో ఐరోపాకి అప్పటికి తెలియదు. 1639లో దుగరాజపట్నం నుంచి ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి దక్షిణానికి వెళ్లి, దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసకదిబ్బకి అనుమతి సంపాదించాడు. ఆ చుట్టుపక్కల మంచి అద్దకం బట్టలు చవగ్గా దొరుకుతాయన్నది అతను చూపించిన కారణాల్లో ఒకటి. ఆ ఇసకదిబ్బే తర్వాత మద్రాసు అయింది. ఒక మహానగరం పుట్టుక వెనక రంగులద్దిన గుడ్డ కూడా ఉందన్నమాట.

ఆ బట్ట తయారయ్యే తీరు చూసి విదేశీయులు రాసిపెట్టుకున్నారు. మచిలీపట్నంలో పనిచేసి వెళ్లిన విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసింది 1626లో అచ్చయింది. 1742లో ఫ్రెంచి పాద్రీ కేర్దూ పుదుచ్చేరి ప్రాంతపు అద్దకం పనిని అంచెలంచెలుగా ఉత్తరంలో వివరించాడు. వాళ్లు చూసిన పద్ధతికి దగ్గరి చుట్టం ఈ రోజుకీ శ్రీకాళహస్తిలో కనిపిస్తుంది. ఆ ఊరు ఆనుకుని పారే స్వర్ణముఖి వాకాడు మీదుగా వెళ్లి సముద్రంలో కలుస్తుంది. అంటే కలంకారీ బట్టలు ఉతికిన నీళ్లు ఆర్మగాన్ తీరానికే చేరేవి.

కలం సంగతి కాస్త దగ్గర నుంచి చూడాలి. మొన చెక్కిన వెదురు పుల్ల అది. మొనకి కొంచెం పైన ఉన్నిగానీ పాత గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ద్రావణంలో ముంచితే ఉండ పీల్చుకుంటుంది. రాసేటప్పుడు వేళ్లతో ఆ ఉండని నొక్కిన కొద్దీ ద్రావణం మొనకి దిగుతుంది. మెల్లగా నొక్కితే వెంట్రుక లాంటి గీత, గట్టిగా నొక్కితే ముద్ద. బట్టని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. పాల జిడ్డు వల్ల గీత అటూ ఇటూ పాకకుండా గీసినచోటే నిలబడుతుంది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తే వచ్చే ద్రావణం ఆ కరక్కాయ వగరుని తాకగానే నల్లబడుతుంది. అది రూపురేఖలకి.

ఎరుపు దగ్గరే అసలు తమాషా. ఎర్రగా కావలసిన చోట ఎరుపు రాయరు, పటిక నీళ్లు రాస్తారు. పటికకి సొంత రంగంటూ ఉండదు. ఆరాక బట్టని చిరివేరు వేసి ఉడకబెడతారు. మన తీరపు ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది, లేనిచోట ఉతుకులో పోతుంది. పటిక చిక్కగా కలిపి రాసినచోట ముదురెరుపు వస్తుంది. పలచగా కలిపి రాసినచోట ఎంతసేపు ఉడకబెట్టినా గులాబీ దగ్గరే ఆగిపోతుంది. ముదరాలంటే మళ్లీ పటిక రాయాలి, మళ్లీ ఉడకబెట్టాలి. అంటే పనివాడి చేతిలో రెండు పగ్గాలున్నాయి. గీత వెంట ఎంత ద్రావణం దిగాలో ఉండని నొక్కే వేళ్లు చూసుకుంటాయి. ఎంత ఎరుపు దగ్గర ఆగాలో పటిక గాఢత చూసుకుంటుంది. ఒకటి రాస్తున్నంతసేపూ క్షణక్షణం మారుతుంది. రెండోది కలం ముంచకముందే కుండలో తేలిపోతుంది.

ఫోటోషాప్ రాసినవాళ్లు కాళహస్తి వచ్చి నేర్చుకున్నారని నేననడం లేదు. వాళ్లకి ఈ సంగతి తెలిసి ఉండాల్సిన పనీ లేదు. కానీ ఈ మధ్య డిజిటల్ బొమ్మ అంటే అంతా కంప్యూటర్ ఇచ్చిన వరమే అన్నట్టు మాట్లాడేవాళ్లు పెరిగారు. వాళ్లొకసారి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి పనిని చూస్తే మంచిది. 1957 ప్రాంతంలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టకపోయుంటే ఆ పని చూడటానికి కూడా మిగిలేది కాదు. గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇక గాలి గొట్టం. 1870లలో అమెరికాలో గాలితో రంగు చల్లే పరికరాలు మొదలయ్యాయి. అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ అనే ఆయన ఫోటోలకి రంగులు దిద్దడానికి చేతితో పట్టుకునే పిచికారీ ఒకటి చేశాడు. 1890లలో చార్లెస్ బర్డిక్ దాన్ని ఇప్పుడు మనకు తెలిసిన ఎయిర్‌బ్రష్ రూపానికి తెచ్చాడు. ఒకే మీట ఉంటుంది. కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. చూపుడు వేలు వెనక్కి జరిగిన కొద్దీ తుంపర చిక్కబడుతుంది. ఇది అచ్చంగా ఫ్లో. ఎయిర్‌బ్రష్‌కి ఉన్న గుణమూ దోషమూ ఒకటే, దానికి ఆపు లేదు. చెయ్యి ఒకేచోట నిలిపితే రంగు పేరుకుంటూ పోయి చివరికి కారుతుంది. ఎక్కడ ఆపాలో కంటికే తెలియాలి.

కంప్యూటర్‌లో మొదటి కుంచెలకి ఈ సుకుమారం ఏదీ లేదు. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రిచర్డ్ షూప్ తయారుచేసిన సూపర్‌పెయింట్‌లో తెర మీద ఒకేసారి 256 రంగులు చూపించగలిగారు. అప్పటికి అది అద్భుతమే. 1984లో బిల్ ఆట్కిన్‌సన్ రాసిన మాక్‌పెయింట్‌లోనైతే ఉన్నవి రెండే రంగులు, నలుపూ తెలుపూ. బూడిద రంగు కావాలంటే చుక్కల గళ్లతో కంటిని మోసం చెయ్యాల్సిందే. సగం నలుపు అనేదే లేనప్పుడు ఫ్లో ఏమిటి, ఓపాసిటీ ఏమిటి!

ఓపాసిటీకి పునాది వేరేచోట పడింది. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ 1977 చివర్లో ఒక సమస్యతో తల పట్టుకున్నారు. ఒక బొమ్మని ఇంకో బొమ్మ మీద పెట్టాలి, అంచులు కత్తిరించినట్టు కనపడకూడదు. ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలతో పాటు, ఆ చుక్క వెనకదాన్ని ఎంత కప్పుతుందో చెప్పే నాలుగో అంకె కూడా దాచుకుందామనుకున్నారు. దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఆ అంకెతో రెండు బొమ్మల్ని కలిపే సూత్రాలన్నిటినీ ఒక పత్రంలో రాశారు. పై రంగు సగం కప్పితే కింది రంగులో సగం మిగులుతుంది, రెండూ కూడు. ఇంతకన్నా పెద్ద లెక్కేమీ కాదు. కానీ ఇప్పుడు ఫోన్‌లో ఫోటో మీద మీరు అక్షరాలు పెట్టినా వెనక నడిచేది అదే కూడిక.

ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. మిషిగన్‌లో పరిశోధన విద్యార్థిగా ఉన్న థామస్ నోల్ 1987లో తన మాకింటోష్ తెర మీద బూడిద ఛాయలు చూపించడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రామే దానికి మూలం. సినిమా గ్రాఫిక్స్ సంస్థలో పనిచేస్తున్న తమ్ముడు జాన్ దాన్ని పెద్దది చేద్దామని వెంటపడ్డాడు. ఆ తర్వాత పన్నెండేళ్లు అందులో పెయింట్‌బ్రష్ వేరు, ఎయిర్‌బ్రష్ వేరు. 6వ వెర్షన్ నాటికి కూడా పెయింట్‌బ్రష్ తీసుకుంటే పై పట్టీలో ఓపాసిటీ కనిపించేది, ఎయిర్‌బ్రష్ తీసుకుంటే దాని స్థానంలో ప్రెషర్ అనే అంకె వచ్చేది. పటికవాడు ఒక గదిలో, ఉండ నొక్కేవాడు ఇంకో గదిలో ఉన్నట్టు. ఒకే గీతలో ఇద్దరి సాయమూ కావాలంటే దొరికేది కాదు.

2002లో 7వ వెర్షన్‌తో అడోబీ కుంచె యంత్రాంగాన్ని మొత్తం తిరగరాసింది. ఎయిర్‌బ్రష్ అనే విడి పనిముట్టు పోయింది, బ్రష్ పట్టీలో ఒక చిన్న బొత్తాంగా మారింది. ప్రెషర్ పోయి ఫ్లో వచ్చి ఓపాసిటీ పక్కన కూర్చుంది.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. తెర మీద మనకు కనిపించేది ఒక్క గీత. కంప్యూటర్ వేసేది మాత్రం వరసగా ముద్రలు. గుండ్రటి బ్రష్‌కి ఫోటోషాప్‌లో మామూలుగా ఉండే స్పేసింగ్ 25 శాతం. అంటే ముద్ర వెడల్పులో నాలుగో వంతు జరిగాక ఇంకో ముద్ర పడుతుంది. కాబట్టి గీత నడుమ ఏ చుక్కని తీసుకున్నా దాని మీద నాలుగు ముద్రలు పడి ఉంటాయి. ఒక్కో ముద్ర ఎంత కప్పాలో చెప్పేది ఫ్లో. ఫ్లో 50 పెట్టారనుకోండి. మొదటి ముద్రకి 50 శాతం. రెండోది మిగిలిన సగంలో సగం కప్పుతుంది, 75. మూడోదానికి 87.5, నాలుగోదానికి 93.75. మీరు పెట్టింది 50, తెర మీద వచ్చింది దాదాపు 94! ఫ్లో పని చెయ్యడం లేదని చాలామంది అనుకునేది ఇందుకే. ఫ్లో 10కి తగ్గిస్తే ఒక గీతకి 34 శాతం వస్తుంది. అదే స్పేసింగ్‌ని 10కి తగ్గిస్తే ఒకే చుక్క మీద పది ముద్రలు పడి 65కి చేరుతుంది. ఫ్లో అంకె ఒక్కటే చెప్పి స్పేసింగ్ చెప్పకపోతే ఆ సలహా సగమే.

ఓపాసిటీ ముద్రల్ని పట్టించుకోదు. పెన్ను ఆనించినప్పటి నుంచి ఎత్తేదాకా పడిన ముద్రలన్నీ మెమరీలో విడిగా ఒక పొర మీద పోగవుతాయి. ఆ పొర మొత్తానికి కలిపి వేసే గరిష్ఠ పరిమితి ఓపాసిటీ. 50 పెడితే, పెన్ను ఎత్తకుండా అదేచోట వందసార్లు రుద్దినా 50 దాటదు. పెన్ను ఎత్తి మళ్లీ ఆనిస్తేనే 75. ఇంకోసారికి 87.5. పలచటి పటిక గులాబీ దగ్గర ఆగిపోవడం, మళ్లీ రాసి మళ్లీ ఉడకబెడితే ముదరడం గుర్తొస్తోందా?

రెండూ కలిపితే ఎయిర్‌బ్రష్‌కి ఎన్నడూ లేని గుణం వస్తుంది. ఓపాసిటీ 50, ఫ్లో 10 పెడితే రంగు నింపాదిగా పేరుకుంటూ పోయి 50 దగ్గర తనంతట తానే ఆగుతుంది. కారడం ఉండదు. 2002 నాటి మార్పులో అసలు కొత్తదనం ఇదేనని నా లెక్క. బొత్తాలు, పట్టీలు ఆ తర్వాతి మాట.

ఒక చిక్కు కూడా ఉంది. ప్రతి ముద్ర ఫలితాన్నీ 0 నుంచి 255 లోపు పూర్ణాంకానికి సర్దే ప్రోగ్రాంలో తెలుపు మీద నలుపు, ఫ్లో 1 శాతంతో రుద్దుతూ పోండి. ఒక్కో ముద్ర మిగిలిన దూరంలో నూరో వంతు నడవాలి. దూరం 50 మెట్ల లోపుకి వచ్చేసరికి నూరో వంతు అంటే అర మెట్టు కూడా కాదు. లెక్కలో అది సున్నా. ఇక ఎంత రుద్దినా ముదురు బూడిద రంగు దగ్గరే కూర్చుంటుంది తప్ప నలుపు రాదు. తప్పు మీ చేతిది కాదు. ఫైలుని 16 బిట్లకి మార్చుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

మిగతా ప్రోగ్రాములు ఎవరి దారిలో వాళ్లు నడిచాయి. ఉచితంగా దొరికే జింప్‌లో ఇంక్రిమెంటల్ అనే గడిలో టిక్కు పెడితే గీత పరిమితి ఎత్తేసి ముద్ర మీద ముద్ర పేరుకునేలా చేస్తుంది. క్రిటాలో వాష్, బిల్డప్ అని రెండు పద్ధతులున్నాయి. వాష్‌లో ఓపాసిటీ పరిమితిగా పనిచేస్తుంది, బిల్డప్‌లో ఓపాసిటీయే ఫ్లోలాగా ప్రవర్తిస్తుంది. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ వాడేవాళ్లకి తెర పక్కన కనిపించేవి సైజు, ఓపాసిటీ మాత్రమే. ఫ్లో బ్రష్ సెట్టింగుల లోపల ఎక్కడో దాగి ఉంటుంది. ఫోటోషాప్‌లో కీబోర్డు మీద 3 నొక్కితే ఓపాసిటీ 30 అవుతుంది, షిఫ్టుతో నొక్కితే ఫ్లో. మొదటిది అందరి వేళ్లకీ అలవాటైంది, రెండోది పదిమందిలో ఒకరికి కూడా తెలిసినట్టు కనపడదు. పనిముట్టు తయారుచేసినవాళ్లే ఫ్లోని వెనక బెంచీలో కూర్చోబెట్టారు, నేర్చుకునేవాళ్లని ఏమని లాభం లేదు.

మన తీరాన్నే బొమ్మగా వేసి చూడండి, ఏది ఎప్పుడు వాడాలో దానంతటదే తెలుస్తుంది. జనవరి పొద్దున పులికాట్ సరస్సు మీద మంచు తెర. దూరంగా శ్రీహరికోట చెట్ల వరస ఆకాశంలో కలిసిపోయి ఉంటుంది. దీన్ని ఓపాసిటీ 20తో వెయ్యబోతే గీత మీద గీత ఎక్కినచోటల్లా చారలు కడతాయి, మంచు అద్దం పలకల్లా తయారవుతుంది. మెత్తటి అంచున్న పెద్ద బ్రష్, ఓపాసిటీ 100, ఫ్లో 3 నుంచి 5, స్పేసింగ్ తక్కువ. పెన్ను ఎత్తకుండా తిప్పుతూ ఉంటే తెర తానే కమ్ముకుంటుంది. మైపాడు బీచిలో అల వెనక్కి పోయాక తడిసిన ఇసక సంగతి వేరు. అల ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ తెగినట్టు అంచు ఉంటుంది, లోపలంతా ఒకే ముదురు. అక్కడ గట్టి అంచు బ్రష్, ఓపాసిటీ 30, ఫ్లో 100. ఒక్క గీతలో ఒక్క అల. దాని మీద రెండో అల వేస్తే రెండుసార్లు తడిసిన ఇసక అదే వస్తుంది. పెన్ను ట్యాబ్లెట్ ఉన్నవాళ్లు ఒత్తిడిని ఫ్లోకి కట్టుకుంటే వేలితో ఉండని నొక్కినట్టే ఉంటుంది. ఫోటోషాప్‌లో బ్రష్ సెట్టింగుల కింద ట్రాన్స్‌ఫర్ అనే చోట ఆ ఏర్పాటుంది. ఒత్తిడిని ఓపాసిటీకి కట్టేవాళ్లే ఎక్కువ. గీతలకీ స్కెచ్‌లకీ అది బాగానే ఉంటుంది గానీ, ఛాయలు కలపడానికి మొండికేస్తుంది.

ఇదంతా చదివి తలూపితే వంట పట్టదు. క్రిటా ఉచితం, మామూలు కంప్యూటర్‌లో మౌస్‌తో కూడా ఈ పరీక్ష చెయ్యొచ్చు. వాష్ పద్ధతిలో ఉంచి, ఓపాసిటీ 50, ఫ్లో 100తో ఎక్కడా వదలకుండా 8 అంకె ఒకటి గియ్యండి. పక్కనే ఓపాసిటీ 100, ఫ్లో 10తో ఇంకో 8 గియ్యండి. గీతలు కలుసుకునే నడిమి చోటు మొదటిదాంట్లో మిగతా గీతలాగే ఉంటుంది, రెండోదాంట్లో ముదురుతుంది.